గిల్మోర్ సోలో కచేరీలు: ఏది ముందు వినాలి, ఏం వినాలి, మన గిటార్ మీద ఎంతవరకు వస్తుంది

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. మిగతావాళ్ళ కోసం నీ ప్రశ్నలు క్లుప్తంగా చెప్తాను. ఉండేది విజయనగరం. స్ట్రాటోకాస్టర్ తరహా గిటారు, పది వాట్ల ప్రాక్టీస్ ఆంప్, ఒక మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఉన్నాయి. ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ ఆ బృందంతో కాకుండా సొంత పేరు మీద చేసిన కచేరీల రికార్డింగులు నాలుగైదు కనిపిస్తున్నాయి, దేనితో మొదలుపెట్టాలి? 2024 రోమ్ కచేరీని అందరూ ఆకాశానికెత్తుతున్నారు, 78 ఏళ్ళ మనిషి నిజంగానే అంత బాగా వాయించాడా, అభిమానం కొద్దీ అంటున్నారా? ఆ సోలోలు (పాటలో గిటార్ ముందుకొచ్చి వాయించే భాగాలు) నీ గిటార్ మీద ఎందుకు పలకడం లేదు? సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటున్న మీ అక్క "నీకు తీగ లాగడం రాదు, అంతే" అంటోంది, అది నిజమా? చివరిది, పాతికమంది స్నేహితులకి ఒక హాల్లో ప్రొజెక్టర్ మీద వేసి చూపించాలంటే ఏది వెయ్యాలి?

మీ అక్క మాట ముప్పాతిక వంతు నిజం. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు కచేరీలు.

వీటిని పోల్చేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఆయన గిటార్‌నే పోల్చడం. 2006లో పింక్ ఫ్లాయిడ్ పాట 'కంఫర్టబ్లీ నమ్' సోలో గొప్పదా, 2016లోదా అని గంటలు గంటలు వాదించుకుంటారు. ఆయన చేతిలో పెద్దగా మారిందేమీ లేదు. మారింది పక్కన నిలబడ్డ మనుషులు. కీబోర్డు ముందు ఎవరున్నారు, డ్రమ్ములు ఎవరివి, రెండో గిటార్ ఎవరిది అన్నదాన్ని బట్టే ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎంతసేపు సాగదీస్తాడో, ఎక్కడ తగ్గుతాడో నిర్ణయమవుతుంది. పక్కవాద్యం మారితే కచేరీ మారుతుందన్న సంగతి మన ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు. మృదంగం మీద కూర్చున్నది ఎవరో తెలిశాకే కచేరీకి వెళ్ళాలా వద్దా అని తేల్చుకునేవాళ్ళున్న ఊరు అది. ఈ రికార్డింగులను కూడా అలాగే విను.

మొదట వినాల్సింది గ్దాన్స్క్. పోలండ్‌లో ఓడలు కట్టే రేవు అది. 2006 ఆగస్టు 26న అక్కడ జరిగింది, ఆ ఏడాది యాత్రలో చివరి కచేరీ. వినడానికి వచ్చింది సుమారు 50 వేల మంది. జ్బిగ్నియెవ్ ప్రైస్నర్ నడిపించిన బాల్టిక్ ఫిల్‌హార్మనిక్ వాద్యబృందం వెనక ఉంది. కానీ దీన్ని వినాల్సింది వాద్యబృందం కోసం కాదు, రిక్ రైట్ కోసం. పింక్ ఫ్లాయిడ్ కీబోర్డులు వాయించిన మనిషి. ఆ ఏడాదంతా గిల్మోర్ పక్కనే ఉన్నాడు. 2008 సెప్టెంబర్ 15న చనిపోయాడు. ఈ ఆల్బమ్ ఆ తర్వాత వారానికి బయటికొచ్చింది.

అందులో 'ఎకోస్' అనే పాట 25 నిమిషాలుంటుంది. మధ్యలో డ్రమ్ములూ బేసూ ఒక్క చోటే తిరుగుతూ ఉండగా గిటార్ ఒక మాట అంటుంది, ఆర్గన్ దానికి జవాబు చెప్తుంది. గిల్మోర్ ఒక పదబంధం వాయించి ఆగుతాడు, ఆగిన చోట రైట్ అదే మాటను కొంచెం వంకర తిప్పి తిరిగిస్తాడు. ఇద్దరిలో ఎవరూ తొందరపడరు. రెండుసార్లు విను. మొదటిసారి గిటార్‌ని, రెండోసారి ఆర్గన్‌ని మాత్రమే. రెండోసారికి తెలుస్తుంది, గిల్మోర్ వాయించని చోట్లన్నీ రైట్‌కి వదిలిన చోట్లేనని. పదేళ్ళ తర్వాత ఇటలీలోని పాంపేయిలో అదే పాట వాయించమని అభిమానులు ఎంత కోరినా ఆయన వాయించలేదు. రిక్ లేకుండా ఆ పాట వాయించనన్నాడు. ఆ మాటలో ఎంత నిజముందో గ్దాన్స్క్ విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక హెచ్చరిక. 'టైమ్' లాంటి పాత పాటలు రెండు మూడు అయ్యాక, దాదాపు గంటసేపు అప్పటి కొత్త ఆల్బమ్ 'ఆన్ ఏన్ ఐలాండ్' మొత్తం వస్తుంది. నెమ్మది పాటలు. చాలామంది ఇక్కడే ఫోన్ తీస్తారు. దాటెయ్యాలనిపిస్తే దాటెయ్, కానీ 'ద బ్లూ' దగ్గర ఒక్కసారి ఆగు. అన్నట్టు 'రెడ్ స్కై ఎట్ నైట్'లో శాక్సఫోన్ వాయించేది గిల్మోరే. గొప్పగా ఏమీ ఉండదు గానీ, స్వరాన్ని సాగదీసే పద్ధతి మాత్రం అచ్చం గిటార్ మీదిదే.

అదే 2006లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో మే నెలలో చేసినవి 'రిమెంబర్ దట్ నైట్' పేరుతో వీడియోగా వచ్చాయి. దాదాపు అవే పాటలు, అదే బృందం, వాద్యబృందం మాత్రం లేదు. గాయకుడు డేవిడ్ బౌవీ రెండు పాటలకి వస్తాడు. చేతులు దగ్గరగా చూడాలంటే ఇది మంచిది. వినడానికైతే గ్దాన్స్క్‌దే పైచెయ్యి.

పాంపేయి 2016 జులై 7, 8 తేదీలది. అందరూ మొదట చూసేది ఇదే, యూట్యూబ్‌లో ముందుగా తగిలేదీ ఇదే. రెండు వేల ఏళ్ళనాటి రోమన్ రంగస్థలం, రాత్రికి సుమారు 2,600 మంది. 1971లో అదే చోట పింక్ ఫ్లాయిడ్ ఒక్క శ్రోత కూడా లేకుండా వాయించి సినిమా తీశారు. అప్పుడూ ఇప్పుడూ రెండింట్లో ఉన్న పాట 'వన్ ఆఫ్ దీజ్ డేస్' ఒక్కటే. అందులో గిల్మోర్ ఒళ్ళో పెట్టుకుని వాయించే లాప్ స్టీల్ గిటార్‌ని గమనించు. స్టీల్ కడ్డీని తీగ మీద జారుస్తాడు, ఫ్రెట్లతో (మెడ మీది మెట్లతో) పనే లేదు. మీ అక్కకి చూపిస్తే గోట్టువాద్యం గుర్తొస్తుందంటుంది.

నా మటుకు నాకు పాంపేయి కళ్ళ కోసం చేసిన కచేరీ. లేజర్లు, మంటలు, రాత్రి ఆకాశం. బృందం గట్టిది, చక్ లెవెల్, గ్రెగ్ ఫిలింగేన్స్ లాంటి పెద్ద కీబోర్డు వాయిద్యగాళ్ళున్నారు. వాళ్ళు సోలో కింద పరుపు పరిచినట్టు పరుస్తారు, కానీ రైట్‌లాగా ఎదురు మాట్లాడరు. అందుకే గిల్మోర్ ఇక్కడ ఎక్కువసేపు, ఎక్కువ గట్టిగా వాయిస్తాడు. కొందరికి అదే నచ్చుతుంది. 'కంఫర్టబ్లీ నమ్' చివరి సోలో మటుకు దుమ్ము లేపుతుంది, కాదనను.

ఇక రోమ్. 2024 సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో సర్కస్ మాక్సిమస్ అనే పాత రోమన్ రథాల మైదానంలో ఆరు రాత్రులు. వీడియో, ఆల్బమ్ 2025 అక్టోబర్‌లో వచ్చాయి. నీ ప్రశ్నకి సూటి జవాబు: బాగానే వాయించాడు, కానీ పొగిడేవాళ్ళు పొగుడుతున్నది వేరే దాన్ని. గొంతు తగ్గింది. పై స్థాయిలో పాడాల్సిన చోట్ల వెనక పాడే అమ్మాయిలు ఎక్కువ భారం మోస్తారు. వేగంగా పరిగెత్తే పదబంధాల్లో 2006నాటి చురుకు లేదు. నిలకడగా పట్టుకునే స్వరంలో మాత్రం వీసమెత్తు తేడా లేదు. పోల్చి చూడాలంటే తేలిక దారుంది. పాంపేయి, రోమ్ రెండూ '5 ఏ.ఎం.' అనే చిన్న వాద్య రచనతోనే మొదలవుతాయి, మాటలు లేవు, అంతా గిటారే. రెండింటినీ వెనకా ముందూ పెట్టి విను. ఎనిమిదేళ్ళ తేడా ఎక్కడుందో నీకే తెలుస్తుంది.

రోమ్‌లో కొత్త సంగతి బృందం. డ్రమ్ముల మీద ఆడమ్ బెట్స్, రెండో గిటార్ బెన్ వర్స్‌లీ, కీబోర్డుల మీద ఫిలింగేన్స్ పక్కన రాబ్ జెంట్రీ. పాతవాళ్ళలో మిగిలింది 1987 నుంచి ఆయనతో ఉన్న బేస్ వాయిద్యకారుడు గై ప్రాట్, మరొకరిద్దరు. కొత్తవాళ్ళు పాత రికార్డుని అచ్చుగుద్దినట్టు వాయించాలని పట్టుబట్టరు, అందుకే ఆయన కూడా కొత్త ఆల్బమ్ 'లక్ అండ్ స్ట్రేంజ్' పాటల్ని మొహమాటం లేకుండా చాలానే వాయించాడు. పింక్ ఫ్లాయిడ్ పాత పాటలు 'షైన్ ఆన్', 'మనీ' వేయలేదని గోల చేసినవాళ్ళున్నారు. ఆ గోల పట్టించుకోకు. గిల్మోర్ కూతురు రోమనీ హార్ప్ వాయిస్తూ 'బిట్వీన్ టూ పాయింట్స్' పాడుతుంది. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' నలుగురు అమ్మాయిలు పియానో చుట్టూ చేరి మెల్లగా పాడతారు. ఒక్క గొంతు అరుపుగా యాభై ఏళ్ళు విన్న పాట అది. ఇలా విన్నాక పాత పద్ధతి కొంచెం అతి అనిపించినా ఆశ్చర్యం లేదు. 'లక్ అండ్ స్ట్రేంజ్' స్టూడియో పాటలో కీబోర్డు రిక్ రైట్‌ది. 2007లో గిల్మోర్ ఇంటి దగ్గరి కొట్టంలో ఊరికే వాయించుకున్నప్పుడు రికార్డు చేసిన ముక్క మీద ఆ పాట కట్టాడు. చనిపోయిన పదహారేళ్ళకి కూడా పక్కవాద్యం ఆయనదే.

వీటన్నిటికంటే ముందుది ఒకటుంది, ఎవరూ చెప్పరు. 2001, 2002లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో చేసినవి. చాలా భాగం అకూస్టిక్ గిటార్‌తోనే. పక్కన సెల్లో, డబుల్ బేస్, వెనక పాడే బృందం. 'షైన్ ఆన్' మొదటి భాగం ఒక్కడే అకూస్టిక్ గిటార్ మీద వాయిస్తాడు. పెద్ద ఆంపులు లేకుండా ఆ స్వరాలు ఎలా నిలబడతాయో అక్కడ తేలిపోతుంది. గిటార్ నేర్చుకునేవాడికి పాంపేయికంటే ఇదే ఎక్కువ ఉపయోగం. 1984 హామర్‌స్మిత్ కచేరీ వీడియో కూడా ఉంది, ఆ కాలపు డ్రమ్ముల మోత భరించగలిగితే చూడు.

ఇప్పుడు నీ గిటార్.

గిల్మోర్ నల్ల స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) 1970లో న్యూయార్క్‌లో కొన్నది. 2019 జూన్ 20న క్రిస్టీస్ వేలంలో 39.75 లక్షల డాలర్లకి పోయింది. దాంతోపాటు నూరుకి పైగా గిటార్లు అమ్మేసి, వచ్చిన 2.15 కోట్ల డాలర్లూ పర్యావరణ సంస్థకి ఇచ్చేశాడు. అంటే రోమ్‌లో నువ్వు విన్నది ఆ గిటార్ కాదు. అయినా విన్న మొదటి రెండు స్వరాలకే ఎవరు వాయిస్తున్నారో తెలిసిపోతుంది. కాబట్టి సామాను కొనే ముందు చెయ్యి సంగతి చూడాలి.

మీ అక్క అన్నది ఇక్కడే. వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగను పక్కకి లాగి పై స్వరాలు పలికిస్తారు. గిటార్ మీద బెండ్ కూడా అదే పని. తేడా ఏమిటంటే, వీణలో లాగినది గమకంలో భాగం, స్వరం ఊగుతూ ఉంటుంది. గిల్మోర్ బెండ్‌కి రెండు దశలు. ముందు సూటిగా, నిదానంగా వెళ్ళి స్వరం మీద నిలబడుతుంది. నిలబడ్డాక అర సెకను ఏమీ చెయ్యడు. అప్పుడు మొదలుపెడతాడు ఊపు, మెల్లగా, సమంగా. కుర్రాళ్ళు ఈ రెండు దశల్నీ కలిపేస్తారు. స్వరం చేరకముందే ఊపేస్తారు, చేరలేదన్న సంగతి ఊపులో దాక్కుంటుంది. అందుకే నీ రికార్డింగ్ వింటే ఏదో తేడాగా ఉంటుంది, ఏమిటో చెప్పలేవు.

ఇంకో చిన్న సంగతి, చాలామందికి తెలియదు. మామూలుగా నొక్కిన స్వరం మీద ఊపు ఇస్తే శ్రుతి పైకి వెళ్ళి తిరిగొస్తుంది. బెండ్ చేసి పట్టుకున్న స్వరం మీద ఊపు ఇవ్వాలంటే పట్టు కొంచెం వదిలి మళ్ళీ తొయ్యాలి, కాబట్టి శ్రుతి కిందికి వెళ్ళి తిరిగి పైకి చేరుతుంది. ప్రతిసారీ పై గమ్యాన్ని తాకాలి. తాకకపోతే మొత్తం స్వరం అపశ్రుతి అయినట్టు వినిపిస్తుంది. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే.

సాధన ఇలా చెయ్యి. మూడో తీగ, 9వ ఫ్రెట్. అది ఈ (E) స్వరం. దాన్ని పూర్తి టోన్ (రెండు ఫ్రెట్ల ఎత్తు) బెండ్ చేస్తే ఎఫ్ షార్ప్ రావాలి. ముందు 11వ ఫ్రెట్ నొక్కి మీటి ఎఫ్ షార్ప్‌ని చెవికి ఎక్కించుకో. తర్వాత 9 దగ్గరికొచ్చి ఉంగరం వేలితో తొయ్యి. మధ్యవేలు, చూపుడువేలు దాని వెనకే తీగ మీద ఆసరాగా ఉండాలి, బొటనవేలు మెడ పై అంచుకి పట్టుకోవాలి. తోసేది వేళ్ళు కాదు, తలుపు గడియ తిప్పినట్టు మణికట్టు తిరగాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి పెట్టుకుని, చేరిన స్వరం ఎఫ్ షార్ప్ మీద నాలుగు మాత్రలు కదలకుండా నిలబడుతోందా చూడు. నిలబడేదాకా ఊపు జోలికి పోవద్దు.

మీ అక్కని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇది ఇంకా తేలిక. 'కంఫర్టబ్లీ నమ్' చివరి సోలో బీ మైనర్‌లో ఉంటుంది. బీని షడ్జమం చేసుకుంటే ఆయన ఎక్కువగా వాడే అయిదు స్వరాలు బీ, డీ, ఈ, ఎఫ్ షార్ప్, ఏ. అంటే స గ మ ప ని, శుద్ధ ధన్యాసి స్వరస్థానాలు. నువ్వు పైన చేసిన బెండ్ మ నుంచి ప. రెండో తీగ 10వ ఫ్రెట్ బెండ్ చేస్తే ని నుంచి పై స. మొదటి తీగ 10వ ఫ్రెట్ బెండ్ చేస్తే గ నుంచి మ. ఈ మూడూ వస్తే ఆ సోలోలో చాలా భాగం చేతికందినట్టే. అక్కని పాడమను, నువ్వు వెనకే బెండ్ చెయ్యి. ఒక్క షరతు, ఆమె గాంధారాన్ని ఊపకుండా పాడాలి, అది ఆమెకి కష్టం. ఇది రాగం కాదు సుమా. కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మారినప్పుడల్లా రి, ధ కూడా వచ్చిపోతాయి, అప్పుడది నటభైరవి స్వరాల్లోకి వెళ్తుంది.

కార్డుల వరస బీ మైనర్, ఏ, జీ, ఈ మైనర్, మళ్ళీ బీ మైనర్. ఎక్కడ ఏ స్వరం మీద ఆగాలన్నదే మొత్తం సోలో. బీ మైనర్ మీద ఎఫ్ షార్ప్ స్థిరంగా కూర్చుంటుంది. అదే స్వరాన్ని పట్టుకుని ఉండగా కింద జీ కార్డు వస్తే ఒక లాగుడు, తీరని కోరిక లాంటిది పుడుతుంది. గిల్మోర్ వేలు కదపకుండా కార్డుల్ని కదలనిచ్చే చోట్లు ఇలాంటివే. ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో రాసిన పట్టిక) చూసి స్వరాలు బట్టీ పట్టినవాళ్ళకి ఇది దొరకదు, ఎందుకంటే ట్యాబ్‌లో కార్డులు చదివేవాళ్ళు తక్కువ. పైగా ఆయన ఏ రెండు కచేరీల్లోనూ దాన్ని ఒకేలా వాయించలేదు. నువ్వు నేర్చుకున్న ట్యాబ్ ఒక రాత్రిది మాత్రమే.

తీగలు. కొత్త గిటార్ల మీద సాధారణంగా 9-42 సెట్ ఉంటుంది (ఈ అంకెలు సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). దాని మీద బెండ్ తేలిగ్గా వెళ్ళిపోతుంది, గమ్యం దాటిపోతుంది కూడా. 10-46కి మారు. గిల్మోర్ పేరు మీదున్న సెట్ 10, 12, 16, 28, 38, 48. మామూలు 10 సెట్ 10, 13, 17, 26, 36, 46. చూడు, బెండ్ చేసే రెండో, మూడో తీగలు ఆయనవి సన్నం, కింది మూడు లావు. విడి తీగలు దొరికితే నువ్వూ అలా కట్టుకోవచ్చు, దొరక్కపోతే మామూలు 10 సెట్ చాలు. లావు మారాక ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ), బ్రిడ్జి ఇంటొనేషన్ (మెడ పొడుగునా శ్రుతి సరిపోవడం) సరిచేయించుకోవడం మర్చిపోకు. కళింగపట్నం, భోగాపురం వైపు ఇళ్ళలో ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన తీగ మీద బెండ్ గరగరమంటుంది, శ్రుతి నిలవదు. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగ కింద కూడా తుడు.

నీ గిటార్‌కి ఇంకో జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. బ్రిడ్జి (తీగలు ఆనే లోహపు పీట) వెనక భాగం చెక్క మీద ఆనకుండా తేలుతూ ఉంటే, ఒక తీగ బెండ్ చేసినప్పుడు బ్రిడ్జి ముందుకి వంగి మిగతా తీగలన్నీ శ్రుతి దిగుతాయి. బెండ్ కూడా ఎంత తోసినా చేరదు. వెనక మూత తీసి, స్ప్రింగులు పట్టుకున్న పంజాకి ఉన్న రెండు స్క్రూలని పావు చుట్టు చొప్పున సమంగా బిగించు, ప్రతిసారీ శ్రుతి చేసి చూడు, బ్రిడ్జి చెక్కకి ఆనేదాకా. అప్పుడు ట్రెమొలో కడ్డీ (బ్రిడ్జిని వంచి శ్రుతిని ఊపేది) కిందికి మాత్రమే పనిచేస్తుంది, నీకు కావలసింది అంతే. గిల్మోర్ కడ్డీ పొట్టిది, మీటుతూనే అరచేతిలో ఉంటుంది. కార్డుల మీద, నిలిపిన స్వరాల మీద ఆయన ఇచ్చే సన్నని ఊపు చాలాసార్లు ఎడం చేతిది కాదు, ఆ కడ్డీది. కడ్డీ వాడాక శ్రుతి తప్పుతుంటే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడుల్లో పెన్సిల్ గ్రాఫైట్ రుద్దు.

ఇక సౌండ్. ఆయన ఆంప్ హైవాట్ డీఆర్103, వంద వాట్లు, ఎంత పెంచినా శుభ్రంగా ఉండే రకం. దాని ముందు బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్ (నాదాన్ని గరుకుగా చేసి సాగదీసేది) పెడితే ఆ పొడవాటి నాదం వస్తుంది. నీ పది వాట్ల ఆంప్ ముందు అదే పెడితే జుయ్యిమని రొద వస్తుంది, స్వరం కనపడదు. బిగ్ మఫ్ మధ్య ఫ్రీక్వెన్సీలని మింగేస్తుంది, చిన్న స్పీకర్‌లో మిగిలేది బుసబుస మాత్రమే. కాబట్టి మల్టీ ఎఫెక్ట్స్‌లో ఈ వరస పెట్టు: కంప్రెసర్ కొద్దిగా, తర్వాత మఫ్, తర్వాత గెయిన్ దాదాపు సున్నా, వాల్యూమ్ పెద్దదిగా పెట్టిన ఓవర్‌డ్రైవ్, తర్వాత ఈక్వలైజర్‌లో 800 హెర్ట్జ్ చుట్టూ మూడు నాలుగు డెసిబెల్స్ పెంపు, ఆ తర్వాత చాలా నెమ్మది ఫ్లాంజర్, చివర డిలే (ప్రతిధ్వని). మఫ్ సస్టెయిన్ అరవై శాతం దాటొద్దు, టోన్ నలభై దగ్గర. ఆంప్ క్లీన్ చానెల్‌లో ఉండాలి. ఆంప్ డిస్టార్షన్ మీద మఫ్ వెయ్యడం ఈ విషయంలో అందరూ చేసే తప్పు.

డిలే సమయం లెక్క సులువు. 60,000ని టెంపోతో భాగిస్తే ఒక మాత్ర మిల్లీసెకన్లలో వస్తుంది. 'కంఫర్టబ్లీ నమ్' నిమిషానికి 64 మాత్రల చుట్టుపక్కల నడుస్తుంది, అంటే ఒక మాత్ర సుమారు 937. అందులో సగం, 470 పెట్టు, అయిదు తిరుగుళ్ళు, మిక్స్ ఇరవై శాతం. ఇది ఆయన సెట్టింగ్ అనడం లేదు, ఈ లెక్క చిన్న ఆంప్‌కి సరిపడుతుంది. 'రన్ లైక్ హెల్' వేరు, అక్కడ డిలే వాద్యంలో భాగం. 380 మిల్లీసెకన్ల దగ్గర, ఆరో తీగ డీకి దించి వాయించాలి. డిలే శబ్దం నీ మీటుతో సమానంగా ఉండాలి, లేకపోతే పాటే లేదు.

హమ్ (ఆంప్‌లో వచ్చే కరెంటు రొద) గురించి కూడా అడగకపోయినా చెప్తున్నా. నీ గిటార్‌లో ఉండే సింగిల్ కాయిల్ పికప్పులు (తీగ నాదాన్ని ఆంప్‌కి పంపే అయస్కాంతాలు) ఎల్‌ఈడీ లైట్లకి, ఫ్యాన్ రెగ్యులేటర్లకి బుయ్యిమంటాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఇంకా ఘోరం. మఫ్ ఆ శబ్దాన్ని పదింతలు చేస్తుంది. ఆంప్‌ని మూడు పిన్నుల ప్లగ్‌తోనే, ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి వాడేవాళ్ళున్నారు, అది ప్రాణానికే ప్రమాదం. గిటార్ పట్టుకుని ఒక చుట్టు తిరిగి చూడు, ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది. అటు తిరిగి వాయించు.

హాల్లో వేసేదానికి పూర్తి కచేరీ పెట్టకు, మొదటిసారి వినేవాళ్ళు గంటకి లేచిపోతారు. డెబ్భై, ఎనభై నిమిషాలకి కుదించు. రోమ్ నుంచి '5 ఏ.ఎం.', 'బిట్వీన్ టూ పాయింట్స్', 'ద గ్రేట్ గిగ్'తో మొదలుపెట్టు. తర్వాత 2002 నుంచి అకూస్టిక్ 'షైన్ ఆన్'. తర్వాత లైట్లన్నీ ఆపేసి గ్దాన్స్క్ 'ఎకోస్' పూర్తిగా. అది అయ్యాక ఒక టీ విరామం ఇవ్వాల్సిందే, లేకపోతే తర్వాతిది ఎవరికీ ఎక్కదు. చివర పాంపేయి 'వన్ ఆఫ్ దీజ్ డేస్', 'కంఫర్టబ్లీ నమ్'. లేజర్లు పెద్ద తెర మీద బావుంటాయి, దాని విలువ దానికుంది. టికెట్ పెట్టి డబ్బులు వసూలు చెయ్యకు, ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కు బహిరంగ ప్రదర్శనకి కాదు.

ధ్వని కోసం పన్నెండంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు చాలు. కూర్చున్నవాళ్ళ తలకంటే కొంచెం ఎత్తులో స్టాండు మీద పెట్టి, గోడకి ఆనించకుండా మూడడుగులు ముందుకి జరుపు. టైల్స్ నేల, ఖాళీ గోడలున్న హాలైతే వెనక గోడకి రెండు దుప్పట్లు వేలాడదీయి, లేకపోతే డ్రమ్ముల తాళాల (సింబల్స్) శబ్దం అంతా తిరిగొచ్చి గిటార్‌ని మింగేస్తుంది. బ్లూటూత్ స్పీకర్ వద్దు, శబ్దం ఆలస్యంగా వచ్చి డ్రమ్ముల దెబ్బకి బొమ్మకి పొంతన ఉండదు. ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి తీగ కలిపాక హమ్ వస్తే ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపించు, చాలాసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే మధ్యలో డీఐ బాక్స్ పెట్టాలి, సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర ఉంటుంది, ముందే అడిగి తెప్పించుకో.